రంగు కింద రేకు

అనకాపల్లి నుంచి అచ్యుతాపురం మీదుగా పూడిమడక వెళ్లే దారిలో ఎదురయ్యే చేపల వ్యాన్లను కాస్త పరీక్షగా చూడండి. ముందు క్యాబిన్ రంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక తొట్టి అంచులు మాత్రం గోధుమరంగుకు తిరిగి పొరలుపొరలుగా రాలుతుంటాయి. ఐసు కరిగిన నీరు, చేపల ఉప్పునీరు రోజూ కారే చోటు అది. బండి ఒక్కటే, దాని వయసు ఒక్కటే. ఒకచోట రేకు నిలిచింది, ఇంకోచోట పోయింది. తుప్పు గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి అక్కడే కనిపిస్తుంది. నీరు ఎక్కడ నిలిచింది, ఎంతసేపు నిలిచింది, ఆ నీటిలో ఏం కలిసింది అన్న మూడు విషయాలే రేకు ఆయుష్షును తేలుస్తాయి. బండి ఎన్నేళ్లదన్నది వాటి తర్వాతి లెక్క.

పాత కారు ఉన్నవాళ్లలో చాలామంది ఈ మూడూ అడగరు. తలుపు అడుగున పెయింటు పొంగితే టింకరింగ్ షెడ్డుకు తోలుకెళ్లి, లప్పం పెట్టించి, రంగు కొట్టించి తెచ్చుకుంటారు. ఒక వానాకాలం గడిచేసరికి అదే చోట మళ్లీ పొక్కు లేస్తుంది. మేస్త్రీ పని సరిగా చేయలేదని నొచ్చుకుంటారు. ఆయన తనను అడిగిన పని చేశాడు, మచ్చ కనబడకుండా చేశాడు. రేకు వెనక వైపు నుంచి వచ్చే నీటిని ఆపమని ఆయన్ని ఎవరూ అడగలేదు. పదిహేను, ఇరవై ఏళ్ల కారును ఇంకో పదేళ్లు నడుపుకోవాలనుకునే మధ్యతరగతి ఇంటికి ఈ తేడా తెలియడం చాలా అవసరం. ఇంజనుకు రిపేరు చేయించవచ్చు, గేరుబాక్సు మార్చుకోవచ్చు. బాడీ పోయిందంటే మాత్రం కారు పోయినట్టే.

ఇనుము భూమిలో ఎక్కువగా ఆక్సైడ్ రూపంలోనే దొరుకుతుంది. కొలిమిలో బొగ్గుతో కాల్చి అందులోని ఆక్సిజన్‌ను విడదీస్తే మనకు లోహం వస్తుంది. నీరు, గాలి రెండూ తగిలిన రోజున అది తిరిగి ఆక్సైడ్ కావడం మొదలుపెడుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి అందకపోయినా మామూలు వాతావరణంలో తుప్పు పట్టదు. తడి కింద జరిగేది విద్యుత్తుతో కూడిన పని. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలోకి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే నడిచి వెళ్లి ఇంకోచోట ఆక్సిజన్‌కు అందుతాయి. ఈ చక్రం పూర్తి కావాలంటే నీటిలోంచి కూడా కరెంటు నడవాలి. వాన నీటిలో అది కష్టంగా నడుస్తుంది, ఉప్పు కలిసిన నీటిలో తేలిగ్గా నడుస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మరో కీడు కూడా చేస్తుంది. లోహం మీద కాస్తో కూస్తో ఏర్పడే రక్షణ పొరను చీల్చి, గుంటలు పడేలా లోతుకు దిగుతుంది.

కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యు.ఆర్. ఎవాన్స్ 1920ల్లో చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని ఇంట్లో ఎవరైనా చేసి చూడవచ్చు. శుభ్రంగా తోమిన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేయాలి. చుక్క అంచుల్లో గాలి బాగా అందుతుంది, నడిమధ్యలో అందదు. గాలి తగిలే అంచే ముందు పాడవుతుందని అనుకుంటాం. కానీ ఇనుము కరిగేది మధ్యలో. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న అంచు ఎలక్ట్రాన్లను లాక్కుంటుంటే, ఆక్సిజన్ కరువైన మధ్యభాగం వాటిని ఇస్తూ తాను అరిగిపోతుంది. ఈ ఒక్క సంగతితో కారు తుప్పు తీరంతా తెలిసిపోతుంది. ఎండకూ గాలికీ తెరిచి ఉన్న టాపు చాలా ఏళ్లు బాగానే ఉంటుంది. చక్రాల పైమడతలో పేరుకున్న బురద కింద, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు కింద, రెండు రేకులు అతికిన సందులో, నానిన కార్పెట్ కింద మాత్రం ఇనుము నిశ్శబ్దంగా తరిగిపోతుంది. పైగా తుప్పుకు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. సందులో పుట్టిన తుప్పు ఉబ్బి అతుకును విడదీస్తుంది, విడిన అతుకులోకి ఇంకా నీరు దిగుతుంది. చెద పట్టిన గుమ్మం రంగు వేసిన పైపొరతోనే నిలబడి, వేలితో నొక్కితే లోపలికి పోయినట్టు, రన్నింగ్ బోర్డు కూడా ఒకరోజు జాకీ పెట్టగానే కుంగిపోతుంది.

అనకాపల్లి పట్టణం సరిగ్గా ఒడ్డున లేదు, సముద్రం ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. అలల నుంచి లేచే ఉప్పు తుంపర ఒడ్డు నుంచి లోపలికి వచ్చేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది. కాబట్టి పూడిమడకలోనో, ముత్యాలమ్మపాలెంలోనో, రేవుపోలవరంలోనో ఇంటి ముందు నిలిపిన కారుకూ, అనకాపల్లి గవరపాలెంలో నిలిపిన కారుకూ చాలా తేడా ఉంటుంది. కానీ గాలిలో తేమ మాత్రం రెండు చోట్లా తక్కువేం కాదు. ఈ తేమే అసలు చిక్కు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే దానంతటదే నీరు లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అంటే ఒక ఆదివారం పిల్లల్ని బీచికి తీసుకెళ్లి వచ్చిన కారు అడుగున ఇసుకతో పాటు అంటుకున్న ఉప్పు, మనం కడిగే దాకా ప్రతి రాత్రీ తడుస్తూనే ఉంటుంది. వాన పడక్కర్లేదు. తమిళనాడు కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సీఈసీఆర్ఐ, దేశంలో ఎక్కడ లోహం ఎంత త్వరగా తరుగుతుందో చూపే పటాన్నే తయారుచేసింది. తీరం ఎంత దూరం, గాలి ఎటు వీస్తుంది, తేమ ఎంత అన్నవే ఇలాంటి లెక్కలకు ఆధారం.

అమెరికాలో మిషిగన్, ఒహాయో వైపు ఉంటున్న మనవాళ్లకు ఈ గోడు వేరే దారిలో తెలుసు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీదే ఉప్పు చల్లుతారు. చలికాలమంతా కారు అడుగు భాగాన్ని కడిగించుకోవడం అక్కడ మామూలు అలవాటు. మనకు ఆ ఉప్పు రోడ్డు మీద కనిపించదు కాబట్టి ఆ అలవాటూ రాలేదు.

ఉప్పు సముద్రం నుంచే రానక్కర్లేదు. మనమే డిక్కీలో పెట్టి తెస్తుంటాం. రైతు కుటుంబాల్లో కారు డిక్కీ అంటే సగం ఎరువుల గోదాము. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఉప్పుకు సొంత చుట్టం. యూరియా, అమ్మోనియం ఎరువులు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటాయి. బస్తా కుట్టులోంచి గుప్పెడు రాలి స్పేర్ చక్రం గుంటలో పడితే, అక్కడ ఏడాది పొడవునా చెమ్మ ఆరదు. చేపల సంచి నుంచి కారిన నీరూ అంతే.

అనకాపల్లి కాబట్టి బెల్లం సంగతి విడిగా చెప్పాలి. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్ ఇది. సీజన్లో దిమ్మలు మోసే ట్రాలీ ఆటోలు, వ్యాన్లు సందు లేకుండా తిరుగుతాయి. బెల్లంలో క్లోరైడ్ పెద్దగా లేకపోయినా, అది తేమను లాగి జిగటగా కారుతుంది, కారిన పాకం పులిసి ఆమ్లాలు పుడతాయి. బెల్లం పులుపు ఇనుమును ఎంత బాగా కరిగిస్తుందో మన చేతిపనివాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతల కోసం వాడే ద్రావణం తయారయ్యేది అలాగే. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఇనుము ఆ పులుపులోకి దిగుతుంది. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ ద్రావణంతో గీత గీస్తే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నల్లగా గట్టిపడిపోతుంది. ఉతికినా పోదు. బట్ట మీద ఇదొక అద్భుతం. వ్యాను ఫ్లోరు మీద మాత్రం ఆ కుండలో జరిగే మొదటి సగమే జరుగుతుంది, రేకు కరుగుతుంది. బెల్లం దింపాక తుడవడం చాలదు, గోరువెచ్చని నీటితో పాకం పూర్తిగా కరిగేలా కడిగి ఆరనివ్వాలి.

రెండో సగం కూడా కారు రిపేరులో పనికొస్తుంది. బజారులో ‘రస్ట్ కన్వర్టర్’ పేరుతో దొరికే ద్రవాల్లో కొన్నింటిలో ఉండేది టానిక్ ఆమ్లమే. గుంటల్లో మిగిలిపోయిన తుప్పు మీద పూస్తే అది నీలి నలుపుగా మారి, మునుపటంత చురుకు లేని ఇనుప టానేటుగా నిలుస్తుంది. మరికొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది ఇనుప ఫాస్ఫేటు పొర ఏర్పరుస్తుంది. రెండూ మంచివే, రెండింటికీ ఒకే హద్దు ఉంది. అవి తాము తడిపిన తుప్పునే మారుస్తాయి. మందంగా పేరుకున్న తుప్పు పైపొరను నల్లబరిస్తే లోపలిది అలాగే పని చేసుకుపోతుంది. కన్వర్టర్ ఉందని గీకడం మానేయడం పెద్ద పొరపాటు.

ఇంతకీ మన కారులో తుప్పు ఏ దశలో ఉందో ముందు తెలుసుకోవాలి. ఎండపూట, కారు కడిగి ఆరాక, ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవర్, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. తలుపులు తెరిచి అడుగు అంచుల్ని వేళ్లతో తడమండి. లోపలి మ్యాట్లు, వీలైతే కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడండి. డిక్కీలో స్పేర్ చక్రం తీసి గుంట అడుగు చూడండి. బ్యాటరీ ట్రే కింద చూడండి, ఆమ్లం కారి ఉంటే అక్కడ రేకు తెల్లటి పొడితో, కింద గోధుమరంగుతో కనిపిస్తుంది. వంటసోడా కలిపిన నీటితో దాన్ని కడిగేయాలి. ఎక్కడైనా రంగు పొంగి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం మిగతా బాడీకి గట్టిగా అంటుకుని ఒకచోట జారిపోతుంటే, అక్కడ రేకు బదులు లప్పం ఎక్కువగా ఉందన్నమాట. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు సీటు కవర్ల కన్నా ముందు చూడాల్సింది ఇదే.

అన్ని చోట్లా తుప్పు ఒకే బరువైనది కాదు. తలుపు పైరేకు, ఫెండర్, బానెట్ పోతే మార్చుకోవచ్చు. పాత మారుతీ 800 మొదలుకొని ఇప్పటి చిన్న కార్ల దాకా చాలావాటికి లారీకి ఉన్నట్టు కింద వేరే ఛాసిస్ ఫ్రేము ఉండదు. రేకుల్ని మడిచి, అతికి చేసిన బాడీయే మొత్తం బరువు మోస్తుంది. రన్నింగ్ బోర్డు, ఫ్లోరు కింద ఉన్న పెట్టెలాంటి దూలాలు, ముందు సస్పెన్షన్ పైకొస బిగించే టవర్లు, సీటుబెల్టు బోల్టు దిగే చోటు బాడీకి ఎముకలు. ఇక్కడ తుప్పు కనబడితే రంగు సంగతి ఆలోచించే పనే లేదు. ప్రాణం సంగతి చూసుకోవాలి.

తొలి దశ పైపై తుప్పు. రాయి తగిలి రంగు లేచిన చోట ఎర్రబడి ఉంటుంది, రేకు మందం తగ్గి ఉండదు. దీన్ని ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ముందు సబ్బునీటితో కడిగి, మంచినీటితో ఉప్పు పోయేలా మరోసారి కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో నూనె జిడ్డు తీయాలి. జిడ్డు తీయకుండా ఎమెరీ వేస్తే ఆ జిడ్డే రేకులోకి రుద్దినట్టవుతుంది. తర్వాత 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి, రేకు వెండిలా మెరిసేదాకా గీకాలి. కనిపించే మచ్చ కన్నా రెండు మూడు వేళ్ల వెడల్పు ఎక్కువే గీకాలి. తుప్పు ఎప్పుడూ రంగు కింద కాస్త ముందుకే పాకి ఉంటుంది. మెరిసే రేకులో నల్లటి చుక్కలు మిగిలితే అవి గుంటలు, కన్వర్టర్ పని అక్కడ. డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి, కడగమని రాసి ఉంటే కడగాలి.

ఆ తర్వాతి పనిలోనే మన ప్రాంతపు షెడ్లలో ఎక్కువ రిపేర్లు చెడిపోతున్నాయి. గీకి ఉంచిన పచ్చి రేకును ‘రేపు ప్రైమర్ కొడదాం’ అని రాత్రంతా వదిలేయడం మొదటి తప్పు. మన తేమలో తెల్లారేసరికి దాని మీద కంటికి ఆనని కొత్త తుప్పు పొర వచ్చేస్తుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. వాటర్ పేపర్‌ను నీటితో తడిపి పచ్చి రేకు మీదా, లప్పం మీదా రుద్దడం రెండోది. లప్పం చూడడానికి రాయిలా ఉన్నా నీటిని పీలుస్తుంది. తడిసిన లప్పం మీద రంగు మూసేస్తే నీటిని మనమే లోపల పెట్టి తాళం వేసినట్టే, కాబట్టి లప్పాన్ని పొడిగానే రుద్దించాలి. మూడోది, లప్పాన్ని నేరుగా రేకు మీద పెట్టడం. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ ముందు రేకు మీద పడాలి. నీటిని, ఉప్పును అడ్డుకోవడంలో గేట్లకు వేసే మామూలు రెడ్ ఆక్సైడ్ దానికి సాటి రాదు. ఎపాక్సీ ఆరాక, అవసరమైనంత పల్చగా లప్పం, దానిమీద సర్ఫేసర్, రంగు, పైన క్లియర్. ఖరీదు కొంచెం పెరుగుతుంది. కానీ మళ్లీ మళ్లీ చేయించే రంగు ఖర్చు ముందు అది ఎంత?

షెడ్డులో బండి వదిలేటప్పుడు బేరం కన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. “మేస్త్రీ, గీకడం అయ్యాక లప్పం పెట్టకముందు ఒక్క ఫోన్ కొట్టండి, వచ్చి చూస్తాను.” మంచి పనివాడు దీనికి నొచ్చుకోడు. తను పడ్డ కష్టం చూసేవాళ్లు ఉన్నారని సంతోషిస్తాడు. లప్పం కింద ఏముందో రంగు పడ్డాక దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

చిల్లు పడితే కథ వేరు. రేకు మందమే ముప్పాతిక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. చిల్లు కనబడేసరికి దాని చుట్టూ ఉన్నది కాగితంలా పలచబడి ఉంటుంది. దానిమీద ఎం-సీల్ రాయడం, ఫైబర్ గుడ్డ అతికించడం, పైన ఇంకో రేకు పెట్టి రివెట్లు కొట్టడం, అన్నీ లోపలి తుప్పుకు నీడ కట్టడమే. మంచి రేకు తగిలేదాకా కోసేయాలి. అదే మందం ఉన్న సీఆర్ షీట్ ముక్కను ఆ ఆకారానికి మలిచి, అంచుకు అంచు అతకాలి. ఇంటి కప్పుకు వాడే జీఐ రేకు ముక్క చేతికి దొరికిందని వెల్డింగ్ చేస్తే దానిమీది జింకు కాలి విషపు పొగ వస్తుంది, అది పీల్చిన వెల్డర్‌కు జ్వరం పట్టుకుంటుంది. మన షెడ్లలో ఎప్పటి నుంచో ఉన్న గ్యాస్ వెల్డింగ్ కన్నా సీఓటూ వెల్డింగ్ ఈ పనికి మెరుగు. వేడి తక్కువ చోట పడుతుంది, రేకు వంకర పోదు. అదీ ఒకే గీతగా లాగకుండా చుక్కచుక్కగా, చోటు మార్చి మార్చి వేయాలి. బ్యాటరీ తీగలు విప్పడం, దగ్గరలోని కార్పెట్, స్పాంజి తీసేయడం, పెట్రోలు ట్యాంకు, గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకోవడం, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోవడం తప్పనిసరి. గ్యాస్ కిట్ ఉన్న కారైతే ముందు దాన్ని తెలిసినవాళ్ల చేత తీయించాలి.

వెల్డింగ్ అయ్యాక ముందు వైపు అందంగా రుద్దేస్తారు. వెనక వైపు ఎవరూ చూడరు. ఆ వేడికి వెనక ఉన్న పాత రంగంతా మాడిపోయి ఉంటుంది. కొత్త కారు ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు, ఆ కరెంటు లాగడం వల్ల ప్రైమర్ మూలమూలకూ, పెట్టె సెక్షన్ల లోపలికీ చేరుతుంది. షెడ్డులో స్ప్రే గన్‌తో ఆ పని సాధ్యం కాదు. దానికి బదులు అతుకుల మీద సీమ్ సీలర్ పూసి, రంగులన్నీ ఆరాక, సన్నటి గొట్టంతో లోపలి ఖాళీల్లోకి క్యావిటీ వ్యాక్స్ కొట్టించాలి. మైనం, నూనె కలిసిన ఆ ద్రవం సందుల్లోకి పాకి తేమను బయటికి నెట్టి నిలుస్తుంది. ఈ ఒక్క మెట్టు మరిచిపోవడం వల్లే చక్కగా చేసిన వెల్డింగ్ కూడా త్వరగా లొంగిపోతుంది.

కారు అడుగున నల్లగా, దళసరిగా కొట్టే అండర్‌కోటింగ్ గురించి చాలామంది అడుగుతుంటారు. కొత్త రేకు మీద, శుభ్రమైన రేకు మీద అది మంచిదే, రాళ్ల దెబ్బల్ని ఆపుతుంది. తుప్పు పట్టిన అడుగు మీద కొడితే హాని. కొంతకాలానికి అది చిట్లి, చీలికలోంచి దిగిన నీరు తిరిగి రాలేక అక్కడే ఉండిపోతుంది. పైన నలుపు చక్కగా ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. పాత కారుకు నా ఓటు మైనం, నూనె తరహా పూతలకే. అవి ఏటా మళ్లీ వేయాలి, చేతికి అంటుకుంటాయి, అందంగా ఉండవు. కానీ పాకుతాయి, పగలవు, కింద ఏం జరుగుతోందో దాచవు. వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టించే అలవాటు మాత్రం మానుకోవాలి. అందులో ఆమ్లాలు చేరి ఉంటాయి, రబ్బరు బుష్షుల్ని అది ఉబ్బించేస్తుంది, కారిన చుక్కలు నేలలోకీ చెరువులోకీ పోతాయి. ఏ పూతైనా బ్రేకుల మీద, సైలెన్సర్ మీద పడకూడదు, నీరు పోయే చిల్లుల్ని మూయకూడదు.

జింకు దిమ్మ గురించీ ఒక మాట. విశాఖ రేవులో ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించి ఉంటాయి. ఇనుము బదులు జింకు తాను కరిగిపోతూ ఓడను కాపాడుతుంది. ఒక లోహాన్ని ఇంకో లోహంతో కాపాడే ఈ ఉపాయాన్ని హంఫ్రీ డేవీ 1824లోనే బ్రిటిష్ యుద్ధనౌకల రాగి రేకుల మీద ప్రయత్నించాడు. అలాంటి దిమ్మో, కరెంటుతో తుప్పు ఆపుతుందనే చిన్న పెట్టో కారుకు బిగిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. ఓడ అడుగు పూర్తిగా నీటిలో ఉంటుంది, ఆ నీరే జింకును ఇనుముతో కలుపుతుంది. గాలిలో నడిచే కారుకు ఆ దారి లేదు. జింకు కారుకు పనికిరావాలంటే రేకుకే పూతగా ఉండాలి. పోర్షే కంపెనీ 1970ల మధ్యలో తన 911 బాడీని అలా జింకు పూత రేకుతోనే చేయడం మొదలుపెట్టింది. మన పాత చిన్న కార్లకు ఆ భాగ్యం అంతగా లేదు.

కాబట్టి రోజువారీ జాగ్రత్తే మిగిలింది, అదే అన్నిటికన్నా చవక. తలుపుల అడుగు అంచున, రన్నింగ్ బోర్డు కింద చిన్న చిల్లులు ఉంటాయి. అద్దం సందులోంచి దిగిన వాన నీరు బయటికి పోవడానికే అవి. దుమ్ముతో పూడుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలుస్తాయి. అగ్గిపుల్లతో వాటిని తెరిచి ఉంచడం వేలు ఖర్చయ్యే కోటింగ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. వైపర్ల కింద గాడిలో రాలిన ఆకులు తీసేయాలి. చెట్టు కింద నిలిపే కార్లకు ఇది వారం వారం పని. ఏసీ నీరు కిందికి పోయే గొట్టం పూడితే ఆ నీరు ముందు సీటు కింద కార్పెట్‌లోకి వస్తుంది. కారులో ముక్క వాసన వస్తే సెంటు సీసా కొనేముందు కార్పెట్ పిండి చూడండి. తడి కారు మీద ప్లాస్టిక్ కవర్ కప్పకండి. ఆరిన కారును గాలి ఆడే నీడలో ఉంచండి, గడ్డి మీద, పచ్చి నేల మీద వారాల తరబడి నిలపకండి. మడ్‌ఫ్లాప్‌లు, మెరుపు పట్టీలు బిగించడానికి బాడీకి కొత్త చిల్లులు వేయించుకోవడం మానండి. వేయక తప్పకపోతే చిల్లు అంచుకు ప్రైమర్ తాకించి స్క్రూ బిగించమనండి.

బీచి నుంచి, రేవు నుంచి వచ్చిన రోజునే అడుగు భాగం, చక్రాల మడతలు మంచినీటితో కడగాలి. మంచినీరు అన్న మాట గట్టిగా పట్టుకోండి. తీరం దగ్గరి ఊళ్లలో చాలా బోర్ల నీరే ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో ఎంత రుద్ది కడిగినా ఆరాక ఉప్పు మిగిల్చి పోతుంది. కుళాయి నీరు రెండు బకెట్లు చివర్లో పోసినా చాలా నయం. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను తర్వాత ఈ పని ఇంకా అవసరం. ముందు మనుషుల్ని, ఇంటిని చూసుకుంటాం, అది సహజం. రోడ్లు తెరుచుకుని నీళ్లు దొరికిన రోజున మాత్రం కారు మీద పడ్డ ఆకుల్ని తీసి, కార్పెట్లు విప్పి ఎండకు వేసి, అడుగంతా కడిగించండి.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. చాలామంది ఆ తనిఖీకి నెల ముందు బాడీ పని మొదలుపెట్టి, హడావుడిలో లప్పంతో సరిపెట్టేస్తారు. పన్నెండో ఏట, పదమూడో ఏట తీరిగ్గా చేయిస్తే ఖర్చు తగ్గుతుంది, పని నిలుస్తుంది. తుప్పుకు మామూలు మోటారు బీమా పరిహారం ఇవ్వదు, వాడకం వల్ల వచ్చిన అరుగుదలగానే లెక్కిస్తుంది. సస్పెన్షన్ టవర్లు, కింది దూలాలు, రన్నింగ్ బోర్డులు రెండు వైపులా తినేసి ఉంటే ఎంత ఇష్టమైన కారైనా దాన్ని రోడ్డు మీద నుంచి తప్పించడమే మంచిది. దాన్ని రంగు కొట్టి ఇంకొకరికి అమ్మడం వాళ్ల పిల్లల్ని ఆ రేకు మీద కూర్చోబెట్టడమే.

బాగుచేయదగిన కారైతే, చేతిలో ఉన్న డబ్బుకు వరస ఇలా పెట్టుకోండి. ముందు నీరు దిగే చోట్లు, అంటే రబ్బర్లు, గొట్టాలు, చిల్లులు. తర్వాత అడుగున ఎముకల్లాంటి భాగాలు. ఆ తర్వాత పెట్టె సెక్షన్ల లోపలికి మైనం. మిగిలితే పై రంగు. పని అయ్యాక వచ్చే మొదటి వానాకాలంలో, పెద్ద వాన వెలిసిన మర్నాడు, మ్యాట్లు ఎత్తి కార్పెట్‌ను అరచేత్తో నొక్కి చూడండి. కొత్తగా అతికిన చోట అంచు నుంచి గోధుమరంగు చార దిగి ఉంటే, ఆరేలోపే ఫోటో తీసి మేస్త్రీకి చూపించండి. నీరు ఎటు నుంచి వస్తోందో ఆ చార చూపిస్తుంది, సీలర్ మళ్లీ ఎక్కడ పూయాలో ఆయనకు వెంటనే అర్థమవుతుంది.